1400 అడుగుల కింద పాతిపెట్టిన అణు వ్యర్థం నీళ్లలో కరగదా?

బోరుబావి_బాధితుడు
ఫిన్లాండ్‌లో ఓంకలో అని ఒకటి కట్టారు కదా, రియాక్టర్లలో వాడేసిన ఇంధనాన్ని లక్ష ఏళ్ల పాటు దాచిపెట్టడానికి. దాని వీడియో చూసినప్పటి నుంచి ఒకటే అనుమానం. లోతు 430 మీటర్లట, అంటే 1400 అడుగులు. గట్టి రాయి, భయం లేదు అన్నట్టు చెప్పుకుపోతున్నారు.

మాది అనంతపురం పక్క. మా చేలో బోరు వెయ్యి అడుగులు దాటాకే తడి తగిలింది. అదీ గట్టి రాయే, గ్రానైటే. రాయిలో నీళ్లుండవని ఎవరైనా అంటే నవ్వాలో ఏడవాలో తెలీదు, ఆ నీళ్ల కోసమే అప్పు చేసినవాణ్ణి. నీళ్లున్న చోట రాగి డబ్బా ఎన్నాళ్లు ఆగుతుంది? అది తూటుపడ్డాక లోపలి సరుకు ఉప్పు కరిగినట్టు కరిగి ఊటలో కలిసిపోదా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. లింకులు పడేసి పోవద్దు.

అర్ధరాత్రి_చాయ్
అన్నా, మా బోరు బండాయన నంబరు ఫిన్లాండ్ వాళ్లకి పంపిద్దాం. ఆయన పాయింటు పెడితే 1400 అడుగుల్లోనూ చుక్క పడదు. వాళ్ల సమస్య అక్కడితో తీరిపోతుంది.

రసాయనం_మాస్టారు
నీళ్లు రావని ఫిన్లాండ్ వాళ్లు ఎక్కడా అనలేదండీ. నీళ్లు వస్తాయనే లెక్క మీదే ఆ డిజైన్ మొత్తం కట్టారు. ఓంకలో ఉన్న ఓల్కిలువొటో దగ్గర ఆ లోతులో రాతి పగుళ్లన్నీ నీళ్లతో నిండే ఉంటాయి, అదీ ఉప్పు నీళ్లు. డబ్బా చుట్టూ కుక్కే బెంటొనైట్ మట్టి ఆ నీటిని పీల్చుకుని ఉబ్బాలి, సందులన్నీ పూడ్చాలి. నీళ్లు రాకపోతే ఆ మట్టి పనే చెయ్యదు.

వచ్చే నీళ్లలో ఆక్సిజన్ ఉందా లేదా అన్న దగ్గర కథ మలుపు తిరుగుతుంది. వాడేసిన ఇంధనంలో సుమారు 95 శాతం యురేనియమే, డయాక్సైడ్ రూపంలో. అందులో యురేనియం +4 స్థితిలో, అంటే నాలుగు ఎలక్ట్రాన్లు పోగొట్టుకుని ఉంటుంది. ఆక్సిజన్ తగిలితే +6కి మారి, యురనైల్ అయానుగా నీళ్లలోకి దిగిపోతుంది. నీళ్లలో బైకార్బొనేట్ ఉంటే ఇంకా సులువుగా దిగుతుంది. ఆక్సిజన్ లేకపోతే +4లోనే ఉండిపోతుంది. అప్పుడు లీటరు నీళ్లలో ఇమిడేది ఒక మైక్రోగ్రాము, కాస్త అటూ ఇటూ. అంతే. ఆ నీళ్లు అక్కడే నిలబడి ఉన్నంతకాలం అంతకు మించి కరగదు.

వాన నీళ్లలో ఆక్సిజన్ ఉంటుంది, నిజమే. కిందికి దిగే దారిలో సూక్ష్మజీవులూ, పైరైట్ లాంటి ఇనుప ఖనిజాలూ దాన్ని తినేస్తాయి. 400 మీటర్లకు చేరేసరికి ఏమీ మిగలదు.

కడపోడు
మాస్టారూ, మరి మా తుమ్మలపల్లెలో ఎట్లా కరిగిస్తున్నారు? రాయిలో నుంచి యురేనియాన్ని నీళ్లలోకి దింపడమే కదా అక్కడ రోజూ జరిగే పని.

మౌలాలి_మామ
మంచి ప్రశ్న బాబూ. తుమ్మలపల్లె రాయి సున్నపు జాతిది, డోలమైట్ రకం. జార్ఖండ్‌లోని జాదూగుడాలో వాడినట్టు సల్ఫ్యూరిక్ ఆసిడ్ పోస్తే ఆ సున్నమే ఆసిడ్‌నంతా తాగేస్తుంది. అందుకని రాతిపొడిని సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ కలిపిన నీళ్లలో వేసి, వేడీ ఒత్తిడీ పెట్టి, ఆక్సిజన్ పంపిస్తారు. మాస్టారు చెప్పిన రెండూ వచ్చాయి చూడు, ఆక్సిజన్ ఒకటి, కార్బొనేట్ ఒకటి. ఇంత హంగామా చేస్తేగానీ అది రాయిని వదలదు. ఓంకలో వాళ్లకి కావలసింది సరిగ్గా దీనికి తలకిందులు.

నా ఉద్యోగమంతా హైదరాబాదులో ఇంధన బిళ్లల మధ్యే గడిచింది. బిళ్ల బొటనవేలి మొదటి కణుపంత ఉంటుంది. నల్లగా ఉంటుంది, గ్రైండింగ్ అయ్యాక పక్కలు మెరుస్తాయి. చేతిలో పెట్టుకుంటే ఆ సైజుకి ఇంత బరువేంట్రా అనిపిస్తుంది. హైడ్రోజన్ ఆవరణంలో 1700 డిగ్రీల దగ్గర కాల్చి తీస్తాం. సాంద్రత చూడటానికి నీళ్లలోనే ముంచి తూచేవాళ్లం. ఆ నీళ్లలో బిళ్ల కరిగిందని ఏనాడూ ఎవరూ కంగారు పడలేదు.

బోరుబావి_బాధితుడు
మామగారూ, తాజా బిళ్ల సంగతి సరే. రియాక్టర్లో ఏళ్ల తరబడి కాలి వచ్చినదాంట్లో సీజియం, అయోడిన్, ప్లుటోనియం, ఏవేవో పుట్టి ఉంటాయి కదా. అవి కూడా బుద్ధిగా కూర్చుంటాయా?

రసాయనం_మాస్టారు
కూర్చోవు. అన్నీ కూర్చోవు.

కాలిన బిళ్ల పగుళ్లు బారి ఉంటుంది. అందులో పుట్టినవాటిలో ఎక్కువ భాగం యురేనియం ఆక్సైడ్ గింజల లోపలే చిక్కుకుని ఉంటాయి. ప్లుటోనియం అలాంటిదే. అది బయటపడాలంటే గింజ కరగాలి. స్వీడన్ వాళ్లు భద్రతా లెక్కల్లో వాడే రేటు ఏడాదికి కోటిలో ఒక వంతు.

అయోడిన్, సీజియం, క్లోరిన్ వేరు. రియాక్టర్ వేడికి వీటిలో కొంత భాగం అప్పుడే గింజల్లోంచి జారి, బిళ్లకీ లోహపు గొట్టానికీ మధ్య సందులో, గింజల సరిహద్దుల్లో పేరుకుంటుంది. డబ్బా తూటుపడి నీళ్లు తగిలిన మరుక్షణం ఆ వాటా దిగిపోతుంది. మీరన్న ఉప్పు పోలిక వీటికి బాగా అతుకుతుంది. మొత్తంలో కొన్ని శాతాలే, కానీ ఆపేది ఏదీ లేదు.

సీజియం-137 అర్ధాయువు 30 ఏళ్లు. మూడు వందల ఏళ్లలో వెయ్యో వంతుకు పడిపోతుంది, కాబట్టి డబ్బా ఆ మాత్రం ఆగితే చాలు. అయోడిన్-129 అర్ధాయువు 1.57 కోట్ల ఏళ్లు. పైగా అది రుణావేశం ఉన్న అయాను. మట్టి కణాల పైతలమూ రుణావేశమే, అందుకని అంటుకోదు, నీటితో పాటు సాగిపోతుంది. బంకమట్టి రాయిలో కట్టబోయే ఫ్రాన్స్ లెక్కల్లో లక్షల ఏళ్ల తర్వాత పైకి చేరే డోసులో ముందుండేవి అయోడిన్-129, క్లోరిన్-36. జనం పేరు చెబితేనే వణికే ప్లుటోనియం ఎక్కడో వెనక ఉంటుంది.

అర్ధరాత్రి_చాయ్
ఇన్నాళ్లూ ప్లుటోనియాన్ని విలన్ అనుకున్నాం, అసలు దొంగ అయోడినా! ఉప్పు ప్యాకెట్ మీద పేరు చూసి మంచివాడనుకున్నా.

మౌలాలి_మామ
ఉప్పులోది అయోడిన్-127, దానికి రేడియేషన్ లేదు. నువ్వు ఉప్పు మానేసి కొత్త తలనొప్పి తెచ్చుకోకు.

భౌతికం_బండోడు
మాస్టారి మొదటి పోస్టులో ఒక కన్నం ఉంది. లోతులో ఆక్సిజన్ లేదు కాబట్టి కరగదు అన్నారు. ఆ ఇంధనం ఊరికే పడుండే వస్తువు కాదు కదా. దాని రేడియేషన్ పక్కనున్న నీటి అణువుల్ని చీలుస్తుంది, హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. గామా కొన్ని వందల ఏళ్లలో తగ్గిపోతుంది, ఆల్ఫా వేల ఏళ్లు ఉంటుంది. ఆల్ఫా కణం నీళ్లలో పోయేది మిల్లీమీటరులో కొన్ని వందో వంతులే కాబట్టి ఆ పెరాక్సైడ్ సరిగ్గా బిళ్ల ఒంటి మీదే పుడుతుంది. బయటి నుంచి ఆక్సిజన్ రాకుండా తలుపులన్నీ మూశారు, సరే. లోపలే తయారవుతుంటే?

రసాయనం_మాస్టారు
బండోడూ, ఈ ప్రశ్న ఇరవై ముప్పై ఏళ్లు ఆ రంగాన్ని ఊపిన ప్రశ్నే. జవాబు రాగి డబ్బా లోపలున్న పోత ఇనుములో దొరికింది. రాగి 5 సెంటీమీటర్లే, లోపలంతా మందపాటి ఇనుము. నీళ్లు లోపలికి వచ్చాయంటే ముందు ఇనుము తుప్పు పడుతుంది. ఆక్సిజన్ లేని చోట ఇనుము తుప్పు పడితే మాగ్నటైట్ అనే ఇనుప ఆక్సైడూ హైడ్రోజనూ వస్తాయి. ఆ లోతులో ఒత్తిడి ఎక్కువ కాబట్టి హైడ్రోజన్ బాగానే కరిగి ఉంటుంది.

మామూలుగా ఆ చల్లటి నీళ్లలో హైడ్రోజన్ ఏమీ చెయ్యదు. అయితే కాలిన ఇంధనంలో పల్లాడియం, రుథీనియం, రోడియం కలిసిన సూక్ష్మ లోహపు రేణువులు విచ్ఛిత్తిలోనే పుట్టి ఉంటాయి. వాటి మీద హైడ్రోజన్ చురుకవుతుంది, పెరాక్సైడ్ చేసే పాడుని అక్కడికక్కడే సరిచేస్తుంది. హైడ్రోజన్ పెట్టి చేసిన ప్రయోగాల్లో యురేనియం కరగడం దాదాపు ఆగిపోయింది. ఆ పల్లాడియాన్ని ఎవరూ డిజైన్ చేసి పెట్టలేదు. అది వ్యర్థంలో భాగమే.

భౌతికం_బండోడు
ఈ హైడ్రోజన్ సంగతి బాగుంది. కానీ ఇనుము పూర్తిగా తుప్పై పోయాక హైడ్రోజన్ ఎక్కడిది?

రసాయనం_మాస్టారు
ఆ మందం తుప్పుగా మారడానికే లక్ష ఏళ్ల లెక్కలు వేస్తారు. ఈలోగా ఆల్ఫా జోరు కూడా తగ్గుతూ వస్తుంది. రెండింట్లో ఏది ముందు తగ్గుతుందన్న దాని మీద వాదన ఉంది, కాదనను.

ఉప్పుగల్లు
జర్మనీలో ఉంటున్నా, బ్రౌన్‌ష్వైగ్ వైపు. మాకు దగ్గర్లోనే ఆసె అని పాత ఉప్పు గని ఉంది. మీ +4, +6 లెక్కలన్నీ చదువుతుంటే ముచ్చటగా ఉంది. అక్కడేం జరిగిందో కూడా ఒకసారి వినండి.

1967 నుంచి 1978 దాకా అందులో సుమారు 1,26,000 డ్రమ్ములు పెట్టారు. తక్కువ, మధ్యస్థ రేడియోధార్మికత ఉన్నవి. మొదట్లో వరసగా పేర్చారు. తర్వాత లోడరుతో ఎత్తి వాలు మీంచి కిందికి దొర్లించి, మీద ఉప్పు పోశారు. ఆ ఫొటోలు ఇప్పటికీ నెట్‌లో ఉన్నాయి, చూస్తే కడుపు రగిలిపోతుంది. ఉప్పు పొర ఉందంటేనే అక్కడికి నీళ్లు రావని రుజువు, వచ్చి ఉంటే ఉప్పు ఎప్పుడో కరిగిపోయేది అన్నది అప్పటి తర్కం. వినడానికి ఎంత బాగుందో! 1988 నుంచి నీళ్లు వస్తున్నాయి. రోజుకి సుమారు 12 ఘనపు మీటర్లు. ఉప్పు తవ్వి తీసిన గదులు పక్క రాతికి మరీ దగ్గరగా వెళ్లాయి, గోడలు వంగాయి, పగుళ్లొచ్చాయి. లోపల సీజియం కలిసిన ఉప్పునీరు ఉందని 2008లో జనానికి తెలిసింది. 2013లో చట్టమే చేశారు, డ్రమ్ములన్నీ బయటికి తియ్యాలని. 2033లో మొదలుపెడతామన్నారు.

ఫిన్లాండ్ వాళ్లు మంచోళ్లే కావచ్చు. ఆసె వాళ్లూ అప్పట్లో ఇంతే నమ్మకంగా మాట్లాడారు.

మౌలాలి_మామ
ఆసెని ఓంకలోతో కలపడం అన్యాయం నాయనా. అది యాభై ఏళ్లకు పైగా ఉప్పు తవ్వుకుని వదిలేసిన బొక్కల గని. పెట్టింది గాజులో పోతపోసిన వ్యర్థమూ కాదు, రాగి డబ్బా కూడా కాదు, మామూలు ఇనుప డ్రమ్ములు. ఓంకలోని 2004 నుంచి దీనికోసమే తవ్వారు. తవ్వేటప్పుడు ఎక్కువ నీళ్లొచ్చే పగులు కనిపిస్తే ఆ చోట గుంత పెట్టరు.

ఉప్పుగల్లు
మామగారూ, మీరు ఇంజినీరింగ్ తేడా చెబుతున్నారు, ఒప్పుకుంటా. నేనడిగేది నీళ్లు కనబడిన ఏడాది 1988కీ జనానికి తెలిసిన ఏడాది 2008కీ మధ్య ఇరవై ఏళ్లు ఏమయ్యాయని. దానికి కెమిస్ట్రీలో జవాబు లేదు.

నల్గొండ_నీళ్లు
మాస్టారు చెప్పిన మైక్రోగ్రాము దగ్గర నేను ఆగిపోయిన. తాగే నీళ్లలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటది. మా దిక్కు గ్రానైట్‌లో సహజంగనే యురేనియం ఎక్కువ, కొన్ని బోర్లల్ల ఆ 30 దాటింది. ఏ అణు వ్యర్థమూ పెట్టకముందే! మా బోరు నీళ్లల్ల గాలి కలుస్తది, బైకార్బొనేట్ దండిగ ఉంటది. అంటే తుమ్మలపల్లె ఫ్యాక్టరీ చేసే పనే మా రాయిల మెల్లగ జరుగుతున్నదన్నమాట.

ఫ్లోరైడ్ చాలదని ఇదొకటి.

రసాయనం_మాస్టారు
సరిగ్గా పట్టుకున్నారు. అందుకే లోతు ముఖ్యం. మీ బోరు తోడేది గాలి తగిలిన, కదిలే నీళ్లు. ఏటా తోడతారు, ఏటా వాన మళ్లీ నింపుతుంది. బోరుబావి గారి వెయ్యి అడుగుల బోరు కూడా అలాంటి పగుళ్లనే వెతుక్కుంటూ పోయింది. నీళ్లు బాగా పారే పగులు ఉన్న చోటు రైతుకి వరం, వీళ్లకి పనికిరాని స్థలం.

బోరుబావి_బాధితుడు
అంటే మా చేను వీళ్లకి బ్రహ్మాండంగా పనికొస్తుందన్నమాట. నాలుగు బోర్లు ఎండినవే. ఎకరం ఎంతిస్తారో కనుక్కోండి.

గాజుపెంకు
మీరంతా ఇంధన బిళ్లల గురించే మాట్లాడుతున్నారు. మన దేశంలో వాడేసిన ఇంధనాన్ని అలాగే పాతరు. రీప్రాసెస్ చేసి యురేనియం, ప్లుటోనియం తీసుకుంటారు. మిగిలిన తీవ్రమైన ద్రవ వ్యర్థాన్ని బోరోసిలికేట్ గాజులో కలిపి పోతపోస్తారు. తారాపూర్, ట్రాంబే, కల్పాక్కంలలో ఈ ప్లాంట్లున్నాయి. ట్రాంబే వ్యర్థంలో సల్ఫేట్ ఎక్కువ, అది మామూలు గాజులో కలవక విడిగా తేలుతుంది. అందుకని అక్కడ బేరియం వేసిన గాజు వాడారు.

గాజు కరగడం ఇంధనం కరిగినట్టు ఉండదు, ఆక్సిజన్‌తో దానికి పెద్దగా పని లేదు. నీళ్లు తగలగానే మొదట సోడియం, బోరాన్ బయటికి పోతాయి. సిలికా కొంత కరిగి, కొంత అక్కడే మళ్లీ అల్లుకుని సన్నటి జెల్ పొర అవుతుంది. చుట్టూ ఉన్న నీళ్లు సిలికాతో నిండేకొద్దీ, పొర బిగిసేకొద్దీ వేగం పడిపోతుంది. ఫ్రెంచివాళ్లు లా హేగ్‌లో పోసే గాజుకి మొదటి వేగంతో పోలిస్తే నిలకడ వేగం పదివేల రెట్లు తక్కువ. నిలిచిన నీళ్లయితే గాజు తనని తానే కాపాడుకుంటుంది. పారే నీళ్లయితే సిలికాని కడిగేస్తూ ఉంటాయి, అప్పుడు ఆ మొదటి వేగమే సాగుతుంది.

మధ్యధరా సముద్రంలో ఎంబియెజ్ దీవుల దగ్గర మునిగిన రోమన్ ఓడలో గాజు దిమ్మలు దొరికాయి, 1800 ఏళ్లు ఉప్పు నీళ్లలో ఉన్నవి. పైన కొంత మారింది, పగుళ్ల వెంట ఇంకాస్త, లోపల గాజు గాజులాగే ఉంది. ల్యాబ్‌లో వేసిన లెక్కల్ని వాటి మీద సరిచూసుకున్నారు.

ఇంటర్_బైపీసీ
అక్కా, సిమెంటుతో మూసేస్తే ఇంకా గట్టిగా ఉంటుంది కదా? ఈ మట్టి ఎందుకు?

గాజుపెంకు
సిమెంటు తగిలిన నీళ్ల పీహెచ్ 12 దాటిపోతుంది తమ్ముడూ. యురేనియం, ప్లుటోనియం లాంటివి ఆ క్షారంలో చాలా తక్కువ కరుగుతాయి, ఇనుము తుప్పు కూడా తగ్గుతుంది. అందుకే బ్రిటన్ వాళ్లు మధ్యస్థ వ్యర్థానికి సిమెంటే మేలంటారు. గాజుకి మాత్రం అదే క్షారం శత్రువు. జెల్ పొరలోంచి జియొలైట్లనే ఖనిజాలు పుట్టి, నిద్రపోతున్న గాజు మళ్లీ కరగడం మొదలెడుతుంది. ఒకరికి మందు ఇంకొకరికి విషం. ఏ వ్యర్థం పక్కన ఏది పెట్టాలన్నదే పెద్ద పంచాయితీ.

ల్యాబ్_చేతిగ్లవ్స్
సిమెంటు గురించి ఇంకోటి. మధ్యస్థ వ్యర్థం డ్రమ్ముల్లో టిష్యూ పేపర్లు, నూలు గుడ్డలు, చెక్క ముక్కలు, ఇలాంటి చెత్త చాలా ఉంటుంది. ఆ సెల్యులోజ్ సిమెంటు క్షారంలో విరిగి ఐసోశాకరినిక్ ఆసిడ్ అవుతుంది. అది ప్లుటోనియాన్ని పట్టుకుని నీళ్లలో నిలబెడుతుంది, కరిగే మోతాదు కొన్ని పదుల, వందల రెట్లు పెరుగుతుంది. ప్లుటోనియం కరగదు అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లు ఆ డ్రమ్ములో ఇంకేం వేశారో కూడా అడగాలి.

మా ల్యాబ్‌లో ఏ చెత్త ఏ డబ్బాలో వెయ్యాలన్న దాని మీద ఒకాయన రోజూ అరిచేవారు. అప్పుడు చాదస్తం అనుకునేదాన్ని.

అర్ధరాత్రి_చాయ్
చెత్త అంటే గుర్తొచ్చింది, అమెరికాలో పిల్లి ఇసుక వల్ల డ్రమ్ము పేలిందని విన్నా. నిజమేనా, వాట్సాప్ కథా?

ల్యాబ్_చేతిగ్లవ్స్
నిజమే. న్యూ మెక్సికోలో విప్ అనే ఉప్పు గుహల నిల్వ, 655 మీటర్ల లోతు. తడి పీల్చడానికి డ్రమ్ముల్లో ఖనిజపు పిల్లి ఇసుక వెయ్యాలి. దాని బదులు గోధుమతో చేసిన సేంద్రియ రకం వేశారు. నైట్రేట్ లవణాలూ అదీ కలిసి వేడెక్కి 2014 ఫిబ్రవరిలో డ్రమ్ము పగిలింది. దాదాపు మూడేళ్లు మూత పడింది. అక్కడ నీళ్ల తప్పేం లేదు.

ఎస్పూ_సునీత
ఫిన్లాండ్ నుంచి. ఇక్కడ నీళ్ల కన్నా ఎక్కువ గొడవ రాగి మీదే అయింది, అదీ పక్క దేశం స్వీడన్‌లో. రెండు దేశాల డిజైనూ ఒకటే. ఆక్సిజన్ లేని స్వచ్ఛమైన నీళ్లలో కూడా రాగి తుప్పు పడుతుందని స్టాక్‌హోం కేటీహెచ్ యూనివర్సిటీ పరిశోధకులు 1980ల నుంచి అంటూ వచ్చారు. మిగతావాళ్లు మళ్లీ చేసి చూస్తే అంత కనబడలేదన్నారు. 2018లో అక్కడి పర్యావరణ కోర్టు రాగి విషయం తేల్చకుండా అనుమతి ఇవ్వొద్దని ప్రభుత్వానికి చెప్పింది. ప్రభుత్వం 2022 జనవరిలో సరే అంది. ఫోర్స్‌మార్క్‌లో 2025లో పని మొదలైంది.

ఇద్దరూ ఒప్పుకునే ప్రమాదం సల్ఫైడ్. భూగర్భ నీళ్లలోని బ్యాక్టీరియా సల్ఫేట్‌ని సల్ఫైడ్‌గా మారుస్తాయి, అది రాగిని తింటుంది. బెంటొనైట్ గట్టిగా బిగిసి ఉంటే ఆ బ్యాక్టీరియాకి బతకడానికి చోటుండదు. అంటే మట్టి నిలబడితే రాగి నిలబడుతుంది.

ఇక్కడ ఇంకో భయం మంచుయుగం. పైన కిలోమీటర్ల మందాన మంచు పేరుకుని కరిగేటప్పుడు ఉప్పు లేని నీళ్లు ఒత్తిడితో లోతుకి దిగొచ్చు. ఉప్పు లేని నీళ్లలో బెంటొనైట్ జెల్ అయి కొట్టుకుపోతుంది. లెక్కల్లో దీనికి పెద్ద అధ్యాయమే ఉంటుంది.

కడపోడు
సునీతక్కా, అక్కడి జనం ఒప్పుకున్నారా? మా దగ్గర యురేనియం అన్న మాట వింటేనే ఊళ్లు లేస్తాయి. నల్లమల కోసం 2019లో ఎంత గొడవ జరిగిందో చూశాం.

ఎస్పూ_సునీత
ఓంకలో ఉన్న యూరాయోకి పంచాయతీకి వద్దనే హక్కు చట్టంలోనే ఉంది. వాళ్లు సరే అన్నాకే పార్లమెంటు 2001లో ఆమోదించింది. అక్కడ అప్పటికే రియాక్టర్లున్నాయి, ఊరికి పన్ను డబ్బులు బాగా వస్తాయి. అందరూ ప్రేమతో ఒప్పుకున్నారని చెప్పను.

భౌతికం_బండోడు
నీళ్లు రాకుండా చేద్దామనుకున్నవాళ్ల గతి కూడా చూడాలి. అమెరికా యక్కా పర్వతం. 1987లో దాన్నే ఖరారు చేశారు. అక్కడ నిల్వని భూగర్భ జలమట్టానికి దాదాపు 300 మీటర్ల పైన పెట్టాలనుకున్నారు. ఎడారి, వాన తక్కువ, రాయి పొడి అనుకున్నారు. పొడి రాయి అంటే గాలి ఆడే రాయి, గాలి అంటే ఆక్సిజన్. చుక్క నీరు పడ్డా ఇంధనం +6కి పోతుంది, నెప్ట్యూనియం లాంటివీ బాగా కరుగుతాయి. అందుకని ఖరీదైన నికెల్ మిశ్రమలోహపు డబ్బాలు, వాటి మీద టైటానియం గొడుగులు అన్నారు. 1990ల్లో సొరంగంలోని కొన్ని నమూనాల్లో బాంబు పరీక్షల నాటి క్లోరిన్-36 కనబడిందన్నారు, అంటే యాభై ఏళ్లలోపే వాన నీరు అంత లోతు దిగిందని. తర్వాత వేరే బృందానికి అది దొరకలేదు. చివరికి రాజకీయాలే దాన్ని ఆపేశాయి.

నా లెక్కలో తడి, గాలిలేని చోటు నయం. పొడి, గాలి ఉన్న చోటు కన్నా.

మౌలాలి_మామ
కరగదనడానికి ప్రకృతి ఇచ్చిన సాక్ష్యం ఉంది. ఆఫ్రికాలో గబాన్ దేశం, ఓక్లో గని. 1972లో ఫ్రాన్స్ ప్లాంటులో యురేనియం-235 శాతం 0.720 ఉండాల్సింది 0.717 వచ్చింది. ఆ కాస్త తేడా పట్టుకుని తవ్వితే, సుమారు 200 కోట్ల ఏళ్ల కిందట అక్కడ సహజంగానే గొలుసు చర్య నడిచిందని తేలింది. లక్షల ఏళ్లు నడిచిందది, న్యూట్రాన్ల వేగం తగ్గించే మోడరేటర్ పని నీళ్లే చేశాయి. అంత నీళ్లలోనూ ప్లుటోనియం పుట్టిన చోటే క్షీణించింది, యురేనియం చాలావరకు అక్కడే ఉంది.

ఇంకోటి కెనడాలో సిగార్ లేక్. 430 మీటర్ల కింద, 130 కోట్ల ఏళ్ల నాటి యురేనియం, చుట్టూ బంకమట్టి పొర. పైన నేల మీద దాని జాడే తెలియదు. నీళ్లు లేవా అంటే, గని తవ్వబోతే 2006లో మొత్తం మునిగిపోయింది. అంత నీళ్లున్న ఇసుకరాయి మధ్య అది కదలకుండా కూర్చుంది.

ఉప్పుగల్లు
మామగారూ, ఈ వాదనలో ఒక మెలిక ఉంది. కరిగిపోయిన గనులు మనకి కనబడవు కదా. మిగిలినవాటినే తవ్వి, చూశారా మిగిలాయి అంటే ఎలా?

భౌతికం_బండోడు
ఉప్పుగల్లు పాయింటుకి నా ఓటు.

రసాయనం_మాస్టారు
సిగార్ లేక్‌కి ఆ అభ్యంతరం వర్తిస్తుంది. ఓక్లోకి అంతగా కాదు. అక్కడ ఏం మిగిలిందో చూసి ఆగలేదు, ఏం పోయిందో కూడా తేల్చారు. విచ్ఛిత్తిలో ఎంత పుట్టి ఉండాలో లెక్క తెలుసు కాబట్టి ఉన్నదాన్ని తీసేస్తే పోయింది తెలుస్తుంది. అయోడిన్, సీజియం, ఇంకా క్సెనాన్ లాంటి వాయువులు చాలావరకు పోయాయి. అరుదైన మృత్తిక లోహాలు, ప్లుటోనియం నిలిచాయి. ల్యాబ్‌లో చూసిన వరసే అది.

నాకు నిజంగా ఇబ్బంది పెట్టేది వేరే ఉంది. నెవాడాలో 1968లో బెన్హామ్ అనే భూగర్భ బాంబు పరీక్ష చేశారు. ముప్పై ఏళ్ల తర్వాత 1.3 కిలోమీటర్ల దూరంలోని బావి నీళ్లలో ఆ ప్లుటోనియమే దొరికింది. అది కరిగి రాలేదు. మట్టి, జియొలైట్ల సూక్ష్మ రేణువులకి అంటుకుని, వాటితో పాటు ప్రయాణించింది. కరిగే మోతాదు ఎంత తక్కువైతే ఏంటి, ఎక్కి పోవడానికి బండి దొరికాక? బెంటొనైట్ బిగువుగా ఉంటే రేణువుల్ని జల్లించేస్తుంది. సునీత గారు చెప్పిన మంచుయుగం కథలో ఆ మట్టే కొట్టుకుపోతుంది, అదే రేణువులుగా మారుతుంది. స్విట్జర్లాండ్‌లో గ్రిమ్సెల్ సొరంగంలో దీని మీదే ప్రయోగాలు చేస్తున్నారు.

కోలార్_కుర్రాడు
కేజీఎఫ్ నుంచి. ఇంట్లో తెలుగే, బళ్లో కన్నడ. ఇంత మాట్లాడి మా ఊరి ఊసే ఎత్తలేదేంది? 1980ల్లో మా గనిలో వెయ్యి మీటర్ల లోతున వాడకంలో లేని భాగంలో బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) వాళ్లు హీటర్లు పెట్టి ఏళ్ల తరబడి పరీక్ష చేశారు, వ్యర్థం వేడికి రాయి ఏమవుతుందో చూడ్డానికి. అసలు వ్యర్థం తేలేదు. ఊళ్లో మాత్రం అప్పటి నుంచీ తెచ్చి పెట్టేశారనే అంటారు. 2012లో కూడంకుళం కేసప్పుడు మా గని పేరు బయటికొచ్చింది, నిరసనలు జరిగాయి. అలాంటిదేమీ లేదని ప్రభుత్వం అంది.

2001లో గని మూశారు. పంపులు ఆపేశాక నీళ్లు నిండుకుంటూ వచ్చాయి.

ఉప్పుగల్లు
పాత గని, ఎక్కడపడితే అక్కడ సొరంగాలు, పంపు ఆపితే నీళ్లు. ఆసె కథ విన్నాక ఎవరైనా పాత గనిలో వ్యర్థం పెడతామంటే ఊరు ఊరంతా అడ్డం పడుకోవాల్సిందే.

మౌలాలి_మామ
ఇందులో మనిద్దరికీ తగాదా లేదు.

మోడరేటర్
తేని న్యూట్రినో ల్యాబ్‌లో వ్యర్థం పాతుతున్నారంటూ వచ్చిన మూడు పోస్టులు తీసేశాం. ఆ ప్రాజెక్టుకీ అణు వ్యర్థానికీ సంబంధం లేదు. వాదించాలంటే వేరే థ్రెడ్ తెరవండి.

బోరుబావి_బాధితుడు
సరే, నాకర్థమైంది ఇది. నీళ్లు వస్తాయి. యురేనియం, ప్లుటోనియం దాదాపు కరగవు, ఆక్సిజన్ రానంతవరకు. అయోడిన్ ఆగదు, కానీ కొంచెమే. మట్టి పోతే అందరికీ తిప్పలే. మరి మన దేశపు గాజు ఇప్పుడెక్కడుంది?

గాజుపెంకు
తారాపూర్ లాంటి చోట్ల స్టీలు డబ్బాల్లో, గాలి సహజంగా ఆడే కాంక్రీటు నిల్వల్లో చల్లారుతోంది. దశాబ్దాలు అక్కడే ఉండాలి. రీప్రాసెసింగ్ వల్ల పరిమాణం తక్కువ కాబట్టి లోతైన నిల్వకి తొందరేమీ లేదన్నది మనవాళ్ల మాట. స్థలం ఇంకా ఎంచలేదు.

ఉప్పుగల్లు
తొందర లేకపోవడం మంచిదే. ఫ్రాన్స్ చట్టం ప్రకారం పెట్టిన వ్యర్థాన్ని కనీసం వందేళ్ల పాటు వెనక్కి తీసుకునే వీలుండాలి. మనవాళ్లు ఎప్పుడు తవ్వినా ఆ షరతు ముందే రాయించుకోవాలి.

రసాయనం_మాస్టారు
వందేళ్లు తెరిచి ఉంచితే వందేళ్లు గాలి లోపలికి పోతూనే ఉంటుంది, పంపులు ఆడుతూనే ఉండాలి. నేనైతే త్వరగా మూసెయ్యమంటాను.

ఉప్పుగల్లు
ఆసెలో మూసేసి ఉంటే ఇవాళ తీసే దారే ఉండేది కాదు మాస్టారూ.

రసాయనం_మాస్టారు
ఆసెలో అసలు పెట్టకుండా ఉండాల్సింది.